ఎండల సీమలో ఎండ అందని బియర్డెడ్ డ్రాగన్: అనంతపురం నుంచి ఒక కేస్ స్టడీ

జూన్ చివరి వారంలో అనంతపురంలోని మా క్లినిక్కుకు సుమారు ఏడు నెలల వయసున్న బియర్డెడ్ డ్రాగన్ అనే ఒక విదేశీ పెంపుడు తొండను తీసుకొచ్చారు. దాని పేరు బంగారి. తోక మొదట్లో మగవాటికి ఉండే రెండు ఉబ్బులు లేనందున ఆడదని నిర్ధారించాను. తెచ్చింది డిగ్రీ చదివే అమ్మాయి, ఆమె తండ్రి. "సార్, నాల్గు దినాల్నుంచి లేసి నడవడం ల్యా, కాళ్ళు వణుకుతాండాయి, పురుగు ఏసినా పట్టుకోల్యాక పోతాంది" అని అమ్మాయి చెప్పింది. తండ్రికి అంతుపట్టని విషయం వేరే ఉంది. "యెండకు తక్కువేం చేయల్యా సార్, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కిటికీ పక్కనే పెడ్తాండాం" అన్నారు ఆయన. ఈ కేసుకు మూలమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది కనుక దానిని యథాతథంగా రాస్తున్నాను.

బియర్డెడ్ డ్రాగన్ తూర్పు, మధ్య ఆస్ట్రేలియాలోని పొడి నేలల జంతువు. ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల వాణిజ్య ఎగుమతిని 1960ల నుంచే నిలిపివేసింది కాబట్టి నేడు ప్రపంచమంతటా పెంపకంలో ఉన్నవి బందీగా పుట్టిన తరాలే. మన తొండ కుటుంబమైన అగామిడేకే ఇదీ చెందుతుంది. గుత్తి, పెనుకొండ గుట్టల మీద ఉదయం ఎనిమిది గంటలకు నల్లరాతి గుండుపై ఒళ్ళు పరచి ఎండ కాచుకొని, వేడి ఎక్కగానే సందులోకి జారిపోయే రాతితొండను చూసినవారికి ఈ జంతువు అవసరాలు సగం అర్థమైనట్టే. వేడి, వెలుగు, నీడ మూడూ పక్కపక్కనే ఉండాలి, ఏది ఎప్పుడు కావాలో అదే ఎంచుకోవాలి. పెద్దయ్యాక అది తోకతో కలిపి 45 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు, 300 నుంచి 500 గ్రాముల బరువు ఉంటుంది. సరైన పెంపకంలో పదేళ్ళ వరకు బతుకుతుంది.

పూర్వ చరిత్ర

బంగారిని ఫిబ్రవరిలో, రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు, బెంగళూరులో కొన్నారు. అమ్మినవారు రెండడుగుల గాజు తొట్టె, మూతగా సన్నని జాలీ, ఒక వేడి బల్బు, "యూవీబీ" (ఎండలోని ఒక రకం అతినీలలోహిత కిరణాల పేరు) అని పెట్టె మీద రాసి ఉన్న ఒక చుట్ట ఆకారపు సీఎఫ్ఎల్ బల్బు ఇచ్చి, రెండింటినీ ఒకే స్విచ్ బోర్డుకు పెట్టుకోమని చెప్పారు. మార్చి గడిచేసరికి ఇంటి పై అంతస్తు గదిలో పగటి ఉష్ణోగ్రత 36 డిగ్రీలు దాటింది. తొట్టె మరీ వేడెక్కుతోందని, జంతువు నోరు తెరిచి రొప్పుతోందని గమనించిన కుటుంబం బోర్డు స్విచ్ ఆపేసింది. ఆపడంలో తప్పేమీ లేదు, ఆ వేడిలో బల్బు వెలిగించి ఉంచితే జంతువు అప్పుడే పోయేది. కానీ వేడి బల్బుతోపాటు యూవీబీ బల్బు కూడా ఆరిపోయింది. దానికి బదులుగా తొట్టెను తూర్పు కిటికీ పక్కకు జరిపి, అద్దాలలోంచి పడే ఉదయపు ఎండ చాలునని అనుకున్నారు. వేసవి ముదిరాక గదిలో కూలర్ కూడా పెట్టారు.

ఆహారం విషయానికి వస్తే, రోజూ మీల్‌వార్మ్‌లు (మేతగా అమ్మే పెంకుపురుగు పిల్లలు), వాటితోపాటు సన్నగా తరిగిన పాలకూర. కాల్షియం పొడి డబ్బా ఇంట్లో ఉంది గాని వారానికి ఒకసారి చల్లితే చాలని ఎవరో చెప్పారట. మే నెల మధ్యలో తిండి తగ్గింది. ఎండల వల్ల మందగించిందని అనుకున్నారు. జూన్‌లో కాలి వేళ్ళు అప్పుడప్పుడు అదరడం, ఎత్తుకున్నప్పుడు వెనుక కాళ్ళు కదలక వేలాడడం మొదలైంది.

నాలుగు నెలల ఈ చరిత్రను నేను తొందరపడకుండా అడుగుతాను. సరీసృపాల వైద్యంలో రోగనిర్ధారణ చాలావరకు తొట్టె వివరాలలోనే ఉంటుంది. జంతువుతోపాటు తొట్టె, బల్బులు, ఆహారపు డబ్బాల ఫొటోలు తెమ్మని ముందే చెప్పడం మా అలవాటు. కొన్న రసీదు, కాగితాలు కూడా చూపమని అడుగుతాను. ఉడుము, నక్షత్ర తాబేలు వంటి మన దేశపు జీవులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, వాటిని ఇళ్ళలో పెంచకూడదు. విదేశీ జాతులను పెంచేవారు కూడా తమ జంతువుకు సంబంధించిన కాగితాలు భద్రపరచుకొని, నమోదు నియమాలను అటవీ శాఖ వద్ద తెలుసుకోవడం మంచిది.

పరీక్ష

బరువు 118 గ్రాములు. ఆ వయసుకు 200 గ్రాములైనా ఉండాలి. కళ్ళు లోనికి పోయి ఉన్నాయి, చర్మాన్ని పైకి లాగి వదిలితే మడత నెమ్మదిగా సర్దుకుంటోంది, అంటే ఒంట్లో నీరు తగ్గింది. బల్ల మీద వదిలితే ముందు కాళ్ళతో ఛాతీని పైకి లేపలేక, పొట్టతో ఈడ్చుకుంటూ ఒక అడుగు జరిగింది. ముందు కాలి వేళ్ళు విడివిడిగా అదురుతున్నాయి. వెనుక కాళ్ళ తొడలు బలిసినట్టు కనిపించాయి గాని ముట్టుకుంటే కండ కాదు, గట్టిగా ఉబ్బిన ఎముక. వీపు మధ్యలో చిన్న గూని. కింది దవడను వేలి కొసతో మెల్లగా తాకితే పెన్సిల్ రబ్బరులా వంగి, వేలు తీయగానే వెనక్కి వచ్చింది. ఇంతవరకు వచ్చాక నోరు బలవంతంగా తెరవలేదు. ఇటువంటి దవడ చేతిలోనే విరుగుతుంది. పరీక్షంతా జంతువును చేతి తువ్వాలు మీద, పొట్ట కింద అరచెయ్యి ఆనించి ఉంచే చేశాము.

ఎక్స్‌రేలో పొడవాటి ఎముకల అంచు గీతలు దాదాపు కనిపించలేదు. ఆరోగ్యంగా ఉన్న జంతువులో తొడ ఎముక రెండు తెల్లని గీతల మధ్య స్పష్టంగా కనిపించాలి. బంగారి తొడ ఎముక చుట్టూ ఉన్న కండంత పలచగా ఉంది, ఎడమ తొడ మధ్యలో ఎముక రెండు ముక్కలు కాకుండా వంగి మడతపడిన విరుపు కూడా ఉంది. తోక అడుగు సిర నుంచి 0.4 మిల్లీలీటర్ల రక్తం తీశాము. ఇంత చిన్న జంతువులో ఒంటి బరువులో ఒక శాతానికి మించి రక్తం తీయకూడదు. కాల్షియం డెసిలీటరుకు 6.9 మిల్లీగ్రాములు వచ్చింది, సాధారణంగా 8 నుంచి 11 ఉండాలి. భాస్వరం 8.4, అంటే కాల్షియం కంటే ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ రెండూ తారుమారుగా ఉంటాయి. యూరిక్ యాసిడ్ పెరగలేదు కనుక మూత్రపిండాలు చెడి ఎముకలు కరిగిన కేసు కాదని తేలింది. వణుకు, బలహీనత కలిగించే అడినోవైరస్ వ్యాధిని మనసులో ఉంచుకున్నాను గాని, ఇంత స్పష్టమైన ఎముక మార్పులను అది కలిగించదు. మలంలో నులిపురుగుల గుడ్లు కొద్దిగా కనిపించాయి. ఆ సంఖ్యకు, ఆ స్థితిలో మందు అవసరం లేదు.

నిర్ధారణ: పోషక లోపం, యూవీబీ లోపం వల్ల రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసి ఎముకలు కరిగిపోవడం. మనుషుల పిల్లలలో ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బుకు దగ్గరి బంధువు ఇది. పెంపకందారులు ఎంబీడీ (మెటబాలిక్ బోన్ డిసీజ్) అని పిలుస్తారు.

ఎండలో ఉన్నా ఎండ ఎందుకు అందలేదు

ఈ జంతువు చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం ఉంటుంది. 290 నుంచి 320 నానోమీటర్ల మధ్య ఉండే యూవీబీ కిరణాలు దానిపై పడితే అది ప్రీవిటమిన్ డి3గా మారుతుంది. తరువాత ఒంటి వేడికి ఆ ప్రీవిటమిన్ క్రమంగా విటమిన్ డి3 అవుతుంది. కాలేయం, ఆపై మూత్రపిండాలు దానికి చివరి రూపం ఇస్తాయి. ఆ రూపం రక్తంలో ఉంటేనే పేగులు ఆహారంలోని కాల్షియాన్ని తగినంతగా పీల్చుకోగలుగుతాయి. అది లేకపోతే రక్తంలో కాల్షియం పడిపోతుంది, గుండె, కండరాలు ఆగకుండా ఉండేందుకు పారాథైరాయిడ్ హార్మోను ఎముకల నుంచి కాల్షియాన్ని తోడి రక్తంలోకి పంపుతుంది. ఎముక ఖాళీ అయిన చోట నారలాంటి కణజాలం చేరుతుంది. బంగారి తొడలు బలిసినట్టు కనిపించడానికి కారణం అదే. చాలామంది యజమానులు ఈ దశలో "కాళ్ళు బాగా బలంగా ఉన్నాయి" అని సంతోషిస్తారు, అందుకే దీనిని ప్రత్యేకంగా చెబుతున్నాను.

మామూలు కిటికీ అద్దం వెలుగును, వేడిని లోపలికి వదులుతుంది గాని యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. బంగారికి, సూర్యుడికి మధ్య కిటికీ అద్దం ఒకటి, తొట్టె గాజు మరొకటి ఉన్నాయి. మార్చి నుంచి జూన్ వరకు, అనంతపురంలో యూవీ సూచిక, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత కొలత, మధ్యాహ్నం పన్నెండును తాకే నెలల్లో, ఈ పిల్ల చర్మానికి యూవీబీ చేరనేలేదు. పాలకూరలోని ఆక్సలేట్లు ఉన్న కాస్త కాల్షియాన్నీ పేగులోనే పట్టి ఉంచాయి. మీల్‌వార్మ్‌లో భాస్వరం కాల్షియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ మూడూ కలిస్తే ఎదుగుతున్న పిల్లలో ఎముక నిలవదు.

వేడి వేరు, యూవీబీ వేరు అన్న విషయం మన జిల్లాలలో మరింత గట్టిగా చెప్పాలి. చలి దేశాలలో పెంచేవారు రెండింటినీ ఏడాది పొడవునా వెలిగించి ఉంచుతారు కనుక ఒకే బల్బులో రెండూ ఉన్నా చెల్లుతుంది. అనంతపురం, కడప, కర్నూలు వేసవిలో వేడి బల్బును ఆపక తప్పదు. ఆపినప్పుడు యూవీబీ కూడా ఆగేలా అమర్చి ఉంటే ఎండాకాలమే ఈ జంతువుకు చీకటి కాలం అవుతుంది. మెర్క్యురీ వేపర్ బల్బులను, అంటే వేడి, యూవీబీ రెండూ ఇచ్చే వాటిని, ఈ కారణంగానే నేను ఇక్కడ వద్దంటాను.

చికిత్స

ముందుగా జంతువును వెచ్చబరిచాము. చల్లని సరీసృపానికి ఇచ్చిన మందు, ద్రవం, ఆహారం ఏవీ సరిగా పని చేయవు. శరీరం 35 డిగ్రీలకు చేరాక, చర్మం కింద వెచ్చని ద్రవం రెండున్నర మిల్లీలీటర్లకు మించకుండా ఇచ్చి, కాల్షియం గ్లూకోనేట్‌ను కిలోకు 100 మిల్లీగ్రాముల లెక్కన, సెలైన్‌తో పలుచన చేసి చర్మం కిందకే ఎక్కించాను. పది శాతం ఇంజెక్షనులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి బంగారికి పట్టింది 0.12 మిల్లీలీటర్లు. ఒక చుక్క అటూ ఇటూ అయినా మోతాదు మారిపోయే జంతువు ఇది, ఇంట్లో ఇంజెక్షను వేసే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. వణుకు తగ్గే వరకు క్లినిక్కులోనే ఉంచుకొని, ఆ తరువాత నోటి ద్వారా ఇచ్చే కాల్షియానికి మారాము. ఒంట్లో నీరు సర్దుకున్నాక విరిగిన తొడకు నొప్పి తగ్గేందుకు మెలాక్సికామ్ కొద్ది రోజులు ఇచ్చాను. తొడకు కట్టు కట్టలేదు. అంత మెత్తని ఎముకకు కట్టు బరువే భారమవుతుంది. తొట్టెలో ఎక్కే కొమ్మలు తీసేసి, నేల మీద తువ్వాలు పరచి ఉంచితే చాలు.

విటమిన్ డి3 ఇంజెక్షను వేయలేదు. ఆ మందు ఎక్కువైతే రక్తనాళాలలో, మూత్రపిండాలలో కాల్షియం పేరుకొని ప్రాణాంతకమవుతుంది. చర్మం తయారు చేసుకునే డి3కి ఆ ప్రమాదం లేదు, అవసరానికి మించి ఏర్పడిన ప్రీవిటమిన్‌ను అదే యూవీ వెలుగు నిరుపయోగమైన రూపాలుగా మార్చేస్తుంది. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు పిల్ల బియర్డెడ్ డ్రాగన్‌లపై చేసిన అధ్యయనంలో, నోటి ద్వారా ఇచ్చిన డి3 కంటే యూవీబీ వెలుగు రక్తంలో విటమిన్ డి స్థాయిలను ఎంతో మెరుగ్గా నిలిపింది. ఆ ఫలితం నా నిర్ణయానికి బలమిచ్చింది.

మందుల గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. పశువుల మందుల దుకాణాలలో దొరికే కాల్షియం టానిక్కులలో చాలావాటిలో భాస్వరం, డి3 కలిపి ఉంటాయి. పాడి గేదెకు అవి మేలు చేస్తాయి. రక్తంలో భాస్వరం ఇప్పటికే పెరిగిన ఈ జంతువుకు అవి హాని చేస్తాయి. సీసా మీద కాల్షియం అన్న మాట చూసి ఆగకుండా, వెనుక రాసిన మిగతా పేర్లు కూడా చదవాలి.

దీపాల అమరిక

ఇంటికి పంపే ముందే కొత్త గూడు తయారుగా ఉండాలని కోరాను. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుతో ప్లైవుడ్ పెట్టె, ముందువైపు జరిపే గాజు తలుపులు, పై భాగంలోను పక్కలలోను గాలి ఆడే రంధ్రాలు. వీధిలోని వడ్రంగి దాన్ని చక్కగా చేసిచ్చారు.

యూవీబీ కోసం చుట్ట బల్బు తీసేసి రెండడుగుల టీ5 హై అవుట్‌పుట్ ట్యూబు, 24 వాట్లది, 12 శాతం యూవీబీ రకం, అద్దంలా మెరిసే రిఫ్లెక్టరుతో పెట్టె లోపలి పైకప్పుకు బిగించాము. చుట్ట బల్బు వెలుగు ఒక చిన్న గుండ్రానికే పరిమితమై, కాస్త దూరంలోనే క్షీణిస్తుంది, జంతువు తల ఒక్కటే అందులో ఉంటుంది. ట్యూబు వెలుగు ముక్కు నుంచి తోక మొదలు వరకు పడుతుంది. ట్యూబు పెట్టె సగం పొడవునే కప్పాలి, మిగతా సగం నీడగా ఉండాలి, అప్పుడే జంతువు ఎంత కావాలో తానే తేల్చుకుంటుంది. దూరం విషయంలో ఊహలు పనికిరావు. ట్యూబుకు, ఎండ కాచుకునేటప్పటి జంతువు వీపుకు మధ్య 38 సెంటీమీటర్లు ఉంచి, సోలార్‌మీటర్ 6.5 అనే మీటరుతో కొలిస్తే యూవీ సూచిక 4 దగ్గర వచ్చింది. 3 నుంచి 5 మధ్య ఉంటే ఈ జాతికి సరిపోతుంది. మీటరు లేనివారు ట్యూబు కంపెనీ ఇచ్చిన దూరాల పట్టికను తు.చ. తప్పక పాటించాలి. పాత తొట్టెలోలాగా జాలీ మీద ట్యూబు పెడితే యూవీబీలో సుమారు మూడో వంతు జాలీయే మింగేస్తుంది, సన్నని జాలీ అయితే ఇంకా ఎక్కువ. గాజు గాని అక్రిలిక్ గాని మధ్యలో ఉంటే ట్యూబు పెట్టినా పెట్టనట్టే. వెలుగు ఎప్పుడూ పై నుంచే పడాలి. ఈ జంతువు కనుబొమ్మ గట్టు పై నుంచి వచ్చే కిరణాల నుంచి కంటిని కాపాడుతుంది, పక్క నుంచి వస్తే కళ్ళు వాచి మూసుకుపోతాయి.

వేడి కోసం 75 వాట్ల హాలోజన్ ఫ్లడ్ బల్బును ట్యూబు ఉన్న చివరనే పెట్టాము. సూర్యుడి కింద వేడి, యూవీ కలిసే వస్తాయి కనుక రెండూ ఒకే చోట పడాలి, పైగా ప్రీవిటమిన్ కాస్తా విటమిన్ డి3గా మారడానికి ఆ ఒంటి వేడి కావాలి. ఎర్ర బల్బులు, వేడెక్కే కృత్రిమ రాళ్ళు వద్దు. ఆ రాళ్ళ మీద పొట్ట కాలిన డ్రాగన్‌లకు చికిత్స చేశాను. ఈ జంతువు పొట్ట వేడిని సకాలంలో పసిగట్టి తప్పుకోలేదు, పై నుంచి వచ్చే వేడినే అది తెలుసుకోగలదు.

ఎండ కాచుకునే చోట కడప నల్లబండ ముక్క వేయించాను. మన వంటింటి అరలకు వేసే ఆ బండ నల్లగా ఉండి వేడిని బాగా పట్టి ఉంచుతుంది, గరుకు వైపు పైకి పెడితే గోళ్ళు అరిగి పట్టు కూడా దొరుకుతుంది. కానీ అదే బండ హాలోజన్ కింద మొదట 51 డిగ్రీలు చూపింది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో బండ ఉపరితలాన్నే కొలుస్తూ, బల్బును పైకి జరిపి, వెలుగును తగ్గించి పెంచే థర్మోస్టాట్ బిగించి 40 డిగ్రీల దగ్గర నిలిపాము. గాలి ఉష్ణోగ్రత చూపే గుండ్రటి ముల్లు మీటర్లను గోడకు అంటించి వాటిని నమ్మడం ప్రమాదం. బండ బరువైనది కనుక ఇసుక మీద కాకుండా నేరుగా పెట్టె అడుగున ఆనాలి, లేకపోతే జంతువు తవ్వుకుంటూ దాని కింద నలిగిపోతుంది. చల్లని చివర 25 నుంచి 29 డిగ్రీలు ఉండాలి.

ట్యూబును, హాలోజన్‌ను రెండు వేర్వేరు ప్లగ్గులకు ఇచ్చాము. ట్యూబు టైమరుపై రోజుకు పన్నెండు గంటలు, ఏడాది పొడవునా వెలుగుతుంది. హాలోజన్‌ను థర్మోస్టాటే చూసుకుంటుంది, మే నెలలో గది 37 డిగ్రీలుంటే అది దానంతట అదే మసకబారి ఆరిపోతుంది, ట్యూబు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరుకు ట్యూబు ఒక్కటే కలిపి ఉంచమన్నాను, 24 వాట్లు ఏ ఇన్వర్టరుకూ భారం కాదు. ట్యూబు కంటికి ఎంత ప్రకాశంగా కనిపించినా ఏడాది గడిచేసరికి దాని యూవీబీ తగ్గిపోతుంది. బిగించిన తేదీని ట్యూబు కొసన మార్కరుతో రాసి పెట్టించాను.

వేసవిలో చల్లని చివర కూడా 33 దాటితే ఆ జంతువుకు తప్పించుకునే చోటే ఉండదు. పెట్టెను పై అంతస్తు నుంచి కింది ఉత్తరపు గదికి మార్చమన్నాను. కూలర్ మాత్రం వద్దు. పాత గదిలో కూలర్ నడుస్తున్నప్పుడు తేమ 68 శాతం చూపింది, ఈ జాతికి 30 నుంచి 40 శాతం చాలు, తడి గాలి ఊపిరితిత్తుల జబ్బులకు దారి తీస్తుంది. గడ్డకట్టిన నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి చల్లని చివర ఉంచడం, లేదా మధ్యాహ్నం కొన్ని గంటలు ఏసీ 28 వద్ద నడపడం మేలు.

తిండి, మిద్దె మీది ఎండ

పాలకూర, బచ్చలి, తోటకూర ఆపించి మునగాకు, మల్బరీ ఆకు, మందార పూలు, లేత మందార ఆకులు, తురిమిన గుమ్మడికాయ మొదలుపెట్టాము. హిందూపురం, మడకశిర వైపు మల్బరీ తోటలకు కొదవలేదు, అక్కడ తెలిసినవారుంటే చాకీ పురుగులను, అంటే చిన్న పట్టుపురుగులను, తెచ్చి ఇంట్లోనే పెంచుకోవచ్చు. పట్టుపురుగు మెత్తనిది, నీరు ఎక్కువగా ఉండేది, దవడ గట్టిపడని బంగారికి నమలడం తేలిక. అయితే రైతు పట్టు షెడ్డులో పడక మీద సున్నం, క్రిమిసంహారక పొడి చల్లుతారు, తోటకు మందు కొట్టి ఉండవచ్చు. ఆ షెడ్డులోని పెద్ద పురుగులను నేరుగా తినిపించకూడదు. ఏ పురుగైనా జంతువు రెండు కళ్ళ మధ్య దూరం కంటే లావుగా ఉండకూడదు. భాస్వరం, డి3 లేని కాల్షియం కార్బొనేట్ పొడిని ప్రతి పూటా పురుగులపై చల్లాలి. పొలాల్లో పట్టిన మిడతలు పురుగుమందు భయంతో వద్దు, జిల్లేడు మీద తిరిగే రంగురంగుల మిడతలు అసలే వద్దు. మిణుగురు పురుగు ఒక్కటి చాలు ఈ జంతువు ప్రాణం తీయడానికి.

ఎముకలు త్వరగా కోలుకోవడానికి ట్యూబు కంటే గొప్ప వైద్యం మన మిద్దె మీదే ఉంది. నాలుగు వైపులా తీగ జాలీ ఉన్న పంజరంలో, సగం మీద తడిపి పిండిన గోనెపట్టా కప్పి, ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య పావుగంట సేపు ఎండలో ఉంచమన్నాను. గాజు తొట్టెను ఎండలో పెట్టడం ఎప్పటికీ చేయకూడదు, నిమిషాలలో లోపల ప్రాణాంతకమైన వేడి పుడుతుంది. మనిషి పక్కనే కూర్చోవాలి. కాకులు, గద్దలు, పిల్లులు ఒక కారణం. వేడి ఎక్కి జంతువు నోరు తెరిస్తే వెంటనే నీడకు మార్చడం మరో కారణం. ఆ బాధ్యతను తండ్రి తీసుకున్నారు, రోజూ పేపరు చదువుకోవడం మిద్దె మీదికి మార్చుకున్నారు.

ఆ తరువాత

మొదటి వారంలోనే వేళ్ళ అదురు పోయింది. మూడో వారానికి దవడ వేలికి గట్టిగా తగిలింది, పట్టుపురుగును తానే వెంటబడి పట్టుకోవడం మొదలుపెట్టింది. రెండు నెలలకు బరువు 171 గ్రాములు, కాల్షియం 9.8, భాస్వరం 5.1. ఎక్స్‌రేలో తొడ ఎముక రెండు గీతలు మళ్ళీ కనిపించాయి, విరుపు అతుక్కుంది. అతుక్కున్న తీరులో చిన్న వంపు మిగిలింది, ఎడమ పాదం కొద్దిగా బయటికి తిరిగి ఉంటుంది, వీపు గూని అలాగే ఉంది. అవి ఇక సర్దుకోవు. యజమానులకు ఈ మాటను మొదటి రోజే చెప్పాను, ఎముక గట్టిపడుతుంది గాని వంగిన ఆకారం పోదు. నడకకు, తిండికి మాత్రం అడ్డేమీ లేదు.

డిసెంబరు, జనవరి రాత్రులలో అనంతపురం గదులు 17 డిగ్రీల దాకా దిగుతాయి. వెలుగు ఇవ్వని సిరామిక్ హీటరును రాత్రికి 20 వద్ద సెట్ చేయించాను. పెద్ద డ్రాగన్‌లు చలికి కొంత మందగించడం సహజమే గాని, ఎముకలు ఇంకా నిండుతున్న ఈ పిల్ల తిండి మానితే దానిని చలి మీదికి నెట్టకుండా రక్తపరీక్షకు తీసుకురావాలి.

బంగారి ఆడది కావడం వల్ల ఇంకొక జాగ్రత్త ఉంది. ఏడాది దాటాక మగది లేకపోయినా అది గుడ్లు పెట్టవచ్చు, ఒక్కో విడతలో పదిహేను నుంచి ముప్పై వరకు. ప్రతి గుడ్డు పెంకుకూ కాల్షియం ఆ ఎముకల నుంచే వెళ్తుంది, బలహీనమైన కటి ఎముకల గుండా గుడ్డు దిగకపోవచ్చు. పొట్ట ఉబ్బి, పెట్టె మూలలు తవ్వడం మొదలుపెట్టగానే తడి ఇసుక నింపిన లోతైన డబ్బా లోపల పెట్టి, కాల్షియం పొడి కొనసాగిస్తూ, రెండు రోజులలో గుడ్లు రాకపోతే ఎక్స్‌రేకు తీసుకురమ్మని అమ్మాయికి కాగితం మీద రాసిచ్చాను. ట్యూబు మార్చే తేదీ కూడా ఆ కాగితంలోనే ఉంది.